క్రెడిట్ల లెక్క మీది, అర్హత లెక్క ఎవరిది?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి, తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు

అయ్యా,

నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంటుని. ఏటా మా బడికి బీఈడీ కళాశాలల నుంచి ఛాత్రోపాధ్యాయులు ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. వాళ్ల లెసన్ ప్లాన్లు దిద్దడం, వెనక బెంచీలో కూర్చుని వాళ్లు చెప్పే పాఠం వినడం, రికార్డుల మీద సంతకం పెట్టడం నాలాంటి వాళ్ల పని. మధ్యాహ్న భోజనం అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో కాస్త చనువు దొరకగానే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న బోధన గురించి కాదు. "సార్, నేను డిగ్రీలో తీసుకున్న సబ్జెక్టులకి, ఇక్కడి మెథడాలజీకి డీఎస్సీలో ఏ పోస్టుకి అర్హత వస్తుంది?" అని అడుగుతారు. నాకు తెలిసినంత చెబుతాను. గట్టిగా చెప్పమంటే మాత్రం నా దగ్గర జవాబు ఉండదు. వాళ్ల కళాశాలలో అడిగితే నోటిఫికేషన్ వచ్చాక చూద్దాం అంటారట. ఈ ప్రశ్నకు నోటిఫికేషన్ కన్నా ముందే, ఇంకా చెప్పాలంటే డిగ్రీలో చేరకముందే జవాబు చెప్పగలిగిన స్థానంలో ఉన్నది మీరు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

పాత పద్ధతిలో ఈ తికమక ఇంతగా లేదు. డిగ్రీలో ఎంపీసీ చదివినవాడు బీఈడీలో గణితమో ఫిజికల్ సైన్సో తీసుకునేవాడు. బీజెడ్‌సీ వాళ్లు బయాలజీకి, హెచ్‌ఈపీ వాళ్లు సోషల్‌కి వెళ్లేవారు. మూడు సబ్జెక్టులూ సమానంగా నడిచేవి కనుక ఎవరి దారి ఏదో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పద్ధతిలో లోపం లేకపోలేదు. మూడింటిలో ఏదీ లోతుగా రాకుండానే డిగ్రీ చేతికొచ్చేది. యూజీసీ 2022 డిసెంబరులో తెచ్చిన క్రెడిట్ల చట్రం ఆ లోపం సరిదిద్దుతానంది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, సెమిస్టరుకు 20. మేజర్‌కి కనీసం 60, మైనర్‌కి 24. మిగిలినవి ఇతర శాఖల కోర్సులకు, భాషకు, నైపుణ్యాలకు, విలువలకు, వేసవి ఇంటర్న్‌షిప్‌కి. ఒక క్రెడిట్ అంటే సెమిస్టరులో 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో చదివినవాళ్లు ఇప్పుడు బీఈడీలోకి వస్తున్నారు.

కాగితం మీద ఈ చట్రం బాగానే ఉంది. ఇబ్బంది అంతా బడి గేటు దగ్గర మొదలవుతుంది. ఎందుకంటే బడిలో సబ్జెక్టుల విభజన విశ్వవిద్యాలయంలో ఉన్నట్టు ఉండదు. ఎనిమిది నుంచి పది దాకా భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ ఒకే ఫిజికల్ సైన్స్ టీచరు చెప్పాలి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం రెండూ బయాలజీ టీచరువి. సోషల్ టీచరు మీదైతే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ పడతాయి. విశ్వవిద్యాలయం ఒక్క సబ్జెక్టులో లోతు అడుగుతోంది, బడి రెండు మూడింటిలో పట్టు అడుగుతోంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం దాటించాల్సింది ఆ 24 క్రెడిట్ల మైనరే. నాలుగు క్రెడిట్ల పేపర్లుగా చూస్తే ఆరు. ఆ ఆరూ ఏవి తీసుకున్నారన్న దాని మీదే డిగ్రీ పిల్లలు ఎలాంటి టీచర్లవుతారన్నది ఆధారపడి ఉంది. పద్దెనిమిదేళ్ల వయసులో, డిగ్రీ తొలి ఏడాదిలో, చెప్పేవాళ్లు లేకుండా వాళ్లు ఆ నిర్ణయం తీసుకుంటున్నారు.

నేను చూసిన ఒక పాఠం గురించి చెబుతాను. మా బడికి వచ్చిన ఒక ఛాత్రోపాధ్యాయురాలు డిగ్రీలో చరిత్ర మేజర్, టూరిజం మైనర్. పదో తరగతికి భారతదేశ భౌగోళిక స్వరూపాలు చెబుతోంది. చార్టు చక్కగా గీసుకొచ్చింది. నల్లబల్ల మీద దేశపటం చేత్తోనే గీసి, పడమటి కనుమలు, తూర్పు కనుమలు, పీఠభూమి గుర్తించింది. తడబాటు లేదు, గొంతు వెనక బెంచీ దాకా వినిపిస్తోంది. రెండో వరుసలో కుర్రాడు లేచి, "టీచర్, గోదావరి పుట్టిన నాసిక్‌కి అరేబియా సముద్రం దగ్గరే కదా, ఇంత దూరం తూర్పుకి ఎందుకు వచ్చింది? నర్మద మాత్రం పడమటికే ఎందుకు పోతుంది?" అన్నాడు. దక్కన్ పీఠభూమి పడమర నుంచి తూర్పుకు వాలి ఉందనీ, నర్మద వింధ్య, సాత్పురా కొండల నడుమ పగులులోయ వెంట పారుతుందనీ రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు. ఆ అమ్మాయికి అది ఎవరూ చెప్పలేదు. మొహం కందిపోయింది. "రేపు చెబుతాను నాన్నా" అంది. మర్నాడు చదువుకుని వచ్చి చెప్పింది కూడా. మంచి టీచరు కావడానికి కావలసిన సరుకు ఆ అమ్మాయిలో ఉంది.

తర్వాత నేను, "మైనర్‌గా భూగోళం తీసుకోలేకపోయావా అమ్మా?" అని అడిగాను. "మా కాలేజీలో జాగ్రఫీ లేదు సార్. ఉన్నవాటిలో ఏది తేలికో అది తీసుకోమన్నారు" అంది. తర్వాత తన మార్కుల మెమో తీసి నా ముందు పెట్టి, సర్టిఫికెట్ల పరిశీలనలో ఈ మైనర్‌ని సోషల్ కింద లెక్కేస్తారా అని అడిగింది. మెమోలో పేపర్ల పేర్లు, క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్లు అన్నీ వరసగా ఉన్నాయి. ఏ పేపరు ఏ పోస్టుకు పనికొస్తుందో చెప్పే గడి మాత్రం అందులో లేదు.

అర్హత నిబంధనలు రాసేది పాఠశాల విద్యాశాఖ. డీఎస్సీ ప్రకటనతో పాటు జీవోలో వస్తాయి. డిగ్రీలో ఫలానా సబ్జెక్టులు, బీఈడీలో ఫలానా మెథడాలజీ ఉండాలని అందులో ఉంటుంది. ఆ మాటలు మూడు సబ్జెక్టుల డిగ్రీ రోజుల్లో పుట్టినవి. సిలబస్ రాసేది మీరు, మీ కింద విశ్వవిద్యాలయాలు. బీఈడీ ప్రమాణాలు నిర్ణయించేది ఢిల్లీలో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, ఎన్‌సీటీఈ. మూడు కార్యాలయాలు మూడు పుస్తకాలు రాస్తున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదవాల్సిన బాధ్యత మాత్రం డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థి మీద పడింది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. బీఈడీ వాళ్లు ప్రాథమిక పాఠశాలల్లోనూ బోధించవచ్చని ఎన్‌సీటీఈ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని నమ్ముకుని ఎంతోమంది బీఈడీలో చేరారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదంది. చిన్నపిల్లలకు బోధించడానికి డీఎడ్ శిక్షణే సరైనదన్న ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ ఒక నిబంధన చూసి చేరిన పిల్లలు మరో నిబంధన కింద బయటికొచ్చారు. ప్రాథమిక పాఠశాలల్లోని ఎస్జీటీ పోస్టుల ఆశ అక్కడితో పోయింది. తప్పు చేసిందెవరైనా మూల్యం చెల్లించింది వాళ్లే. మేజర్, మైనర్ విషయంలోనూ అదే జరగబోతోందని నా ఆందోళన.

ఇక బీఈడీ లోపలి ఎంపికల సంగతి. ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లదైంది. వారానికి 36 గంటలు, రెండేళ్లలో 20 వారాలు బడిలో, తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు. ఇవన్నీ ఉండాల్సినవే. ఇన్నిటి మధ్య విద్యార్థి తనకు తానుగా ఎంచుకునేది మెథడాలజీని, ఐచ్ఛిక పేపరుని. ఐచ్ఛికాల జాబితాలో వృత్తి విద్య, ఆరోగ్య వ్యాయామ విద్య, శాంతి విద్య, మార్గదర్శకత్వం లాంటివి కనిపిస్తాయి. జాబితా చూసి చేరినవాళ్లకు తీరా చేరాక ఒకటే మిగులుతుంది. మా దగ్గరికి వచ్చే పిల్లల మాటల్లో, ఒక కళాశాలలో తరగతి మొత్తాన్నీ ఒకే ఐచ్ఛికానికి సంతకం పెట్టమన్నారట. అది చెప్పే లెక్చరరు ఒక్కరే ఉన్నారు కనుక. ఏటా నూరుమందిని చేర్చుకునే కళాశాలకు పదహారుమంది అధ్యాపకులుండాలన్నది ఎన్‌సీటీఈ ప్రమాణం. అందులో కళలకు ఇద్దరు, వ్యాయామ విద్యకు ఒకరు. ఆ పదహారుమందీ నిజంగా తరగతికి వచ్చే కళాశాలలు ఎన్ని ఉన్నాయో మీ తనిఖీ బృందాలకు నాకన్నా బాగా తెలుసు. మనిషి లేని చోట పేపరు పేరు అచ్చువేయడం విద్యార్థికి ఎంపిక ఇచ్చినట్టు కాదు.

ముందు ముందు ఇరుకు ఇంకా పెరుగుతుంది. జాతీయ విద్యా విధానం 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఈడీనే టీచరు ఉద్యోగానికి కనీస అర్హత చేయాలంది. ఆ కోర్సు 2023-24లో దేశవ్యాప్తంగా 57 సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. మన దగ్గర వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటి చోట్ల నడుస్తోంది. మొత్తం 160 క్రెడిట్లు. విద్యా మూలసూత్రాలకు 30, సబ్జెక్టులకు 64, దశలవారీ బోధనా పద్ధతులకు 16, భాషా సామర్థ్యాలకు, విలువలకు 28, పాఠశాల అనుభవానికి 20, సమాజసేవకు 2. లెక్క పక్కాగా ఉంది. కానీ ఆ 64ని చూడండి. మామూలు మూడేళ్ల డిగ్రీలోనే మేజర్, మైనర్ కలిస్తే 84 అవుతాయి. రేపటి టీచరుకు అంతకన్నా ఇరవై తక్కువ. ఆ 64ని భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరిసగం చేస్తే ఒక్కోదానికి 32, అంటే ఎనిమిది పేపర్లు. సోషల్‌లో నాలుగింటికి పంచితే నాలుగేసి పేపర్లే. అక్కడ ఒక్క పేపరు తప్పుగా ఎంచుకున్నా ఒక సబ్జెక్టులో నాలుగో వంతు పోయినట్టే.

దీనికి తోడు 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ ఇచ్చిన ముసాయిదా నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ చేసినవాళ్లకు ఏడాది బీఈడీ అంటోంది. ఏడాదిలో బోధన నేర్పడానికే సమయం చాలదు. డిగ్రీలో మిగిలిపోయిన సబ్జెక్టు లోటును బీఈడీలో పూడ్చుకోవచ్చన్న ధీమా ఇక పనికిరాదు. డిగ్రీలో ఏం చదివారో అదే వాళ్లను జీవితాంతం మోయాలి.

కాబట్టి నేను మిమ్మల్ని కోరేవి ఇవి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక పట్టిక. ఆంధ్రలో ఓఏఎండీసీ, తెలంగాణలో దోస్త్ ద్వారా డిగ్రీ ప్రవేశాలు జరిగేటప్పుడే, సబ్జెక్టుల ప్రతి కలయిక పక్కన మూడు విషయాలు కనిపించాలి. దీనితో బీఈడీలో ఏ మెథడాలజీ దొరుకుతుంది, ఏ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు అర్హత వస్తుంది, దేనికి రాదు. ఆ పట్టిక మీద మీ సంతకంతో పాటు పాఠశాల విద్యాశాఖ అధిపతి సంతకం కూడా ఉండాలి. ఒక్కరే సంతకం చేస్తే రెండో కార్యాలయం మాకు సంబంధం లేదంటుంది.

రెండోది, ఆ పట్టికకు కట్టుబడి ఉండడం. ఒక బ్యాచ్ చేరిన నాటి నిబంధన ఆ బ్యాచ్‌కి డీఎస్సీలోనూ చెల్లాలి. కోర్టులు, పార్లమెంటు మార్చినవి వేరు, అవి మీ చేతిలో లేవు. మీ రెండు శాఖలూ మార్చేవైతే ముందు చేరినవాళ్లను వదిలిపెట్టి, తర్వాత చేరేవాళ్ల నుంచి అమలు చేయండి. ఇప్పటికే ఒకే మేజర్‌తో బయటికి వస్తున్నవాళ్ల మైనర్‌ని ఎలా లెక్కిస్తారో ఒక్క ఉత్తర్వుతో తేల్చేయండి.

మూడోది, టీచరు కావాలనుకునేవాళ్ల కోసం మైనర్లు సూచించండి. భౌతికశాస్త్రం మేజర్ అయితే రసాయనం, వృక్షశాస్త్రం అయితే జంతుశాస్త్రం, చరిత్ర అయితే భూగోళం. బలవంతం వద్దు, సూచన చాలు. భూగోళం లెక్చరర్లు లేని కళాశాలలే ఎక్కువ కదా అంటారా? సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా 'స్వయం' ఆన్‌లైన్ వేదికలో చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2021 నిబంధనలు చెబుతున్నాయి. ఆ వెసులుబాటు ఉందని గ్రామీణ కళాశాలల్లో చాలామంది విద్యార్థులకు తెలియదు. చెప్పండి. పేపర్లు మీరే ఎంపిక చేసి, పరీక్ష దగ్గరి కళాశాలలో పెట్టించండి.

నాలుగోది భాష. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా వస్తున్నాయి. సైన్సు టీచరు రెండు భాషల మధ్య రోజూ అటూ ఇటూ తిరగాల్సిందే. ఇంగ్లిషులో చదువుకుని వచ్చిన ఛాత్రోపాధ్యాయులు ద్రవ్యవేగం, జడత్వం లాంటి మాటల దగ్గర ఆగిపోవడం, తెలుగు మీడియం వాళ్లు ఎదుటి పేజీ దగ్గర బిక్కమొహం వేయడం మేం చూస్తూనే ఉన్నాం. నాలుగేళ్ల కోర్సులో భాషా సామర్థ్యాలకు, విలువలకు 28 క్రెడిట్లు ఉన్నాయి. అందులో నాలుగింటిని తరగతి గది తెలుగుకు కేటాయించేలా చూడండి. తన సబ్జెక్టు పాఠాన్ని రెండు భాషల్లో పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పడమే ఆ కోర్సు, ఆ చెప్పడమే పరీక్ష.

అయిదోది, బీఈడీలో ఐచ్ఛికాల జాబితా నిజాయతీగా ఉండాలి. కళాశాల ఈ ఏడాది ఏవి చెప్పగలదో అవే ప్రకటించాలి. ఒక పట్టణంలో రెండు మూడు కళాశాలలుంటే వాటి మధ్య విద్యార్థులు పేపర్లు పంచుకునే ఏర్పాటు చేయవచ్చు. క్రెడిట్లు ఒక సంస్థ నుంచి మరో సంస్థకు బదిలీ కావడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 నుంచే ఉంది. పక్క కళాశాలలో నాటక కళ బాగా చెప్పే అధ్యాపకుడు ఉంటే మా ఊరి పిల్ల అక్కడికి ఎందుకు వెళ్లకూడదు?

నాకు తెలిసి రెండు అభ్యంతరాలు వస్తాయి. విశ్వవిద్యాలయాలకు స్వయంప్రతిపత్తి ఉంది, మేం ఎలా శాసిస్తాం అన్నది ఒకటి. నేను శాసించమనలేదు. సమాచారం ఒక చోట చేర్చమన్నాను. రెండోది, చదువంటే ఉద్యోగమేనా, విద్యార్థి స్వేచ్ఛగా తనకు నచ్చింది చదవకూడదా అన్న ప్రశ్న. చదవాలి. సంగీతమో వ్యవసాయమో నేర్చుకున్న టీచరు బడికి వరమే. మా బడిలో బుర్రకథ కట్టి స్వాతంత్ర్యోద్యమ పాఠం చెప్పిన ఛాత్రోపాధ్యాయుణ్ణి పిల్లలు పేరు పెట్టి అడుగుతారు. కానీ స్వేచ్ఛగా ఎంచుకోవడం అంటే దాని పర్యవసానం తెలిసి ఎంచుకోవడం. టూరిజం సోషల్ పోస్టుకు లెక్కకు రాదనుకుంటే, ఆ సంగతి ముందే తెలిసి, అయినా ఇష్టపడి తీసుకుంటే అది ఆ అమ్మాయి హక్కు. తెలియక తీసుకుని మూడేళ్ల తర్వాత తెలుసుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

డీఎస్సీకి చదివే పిల్లల ఇళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. అవనిగడ్డలోనో అశోక్‌నగర్‌లోనో గది అద్దెకు తీసుకుని, కోచింగు ఫీజు కట్టి, టెట్ మార్కులు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాస్తూ, నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూస్తారు. అంత చేశాక సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర మైనర్ సరిపోలేదన్న కారణంతో వెనక్కి పంపితే, ఆ తిరస్కారానికి ఏ పరీక్షలో తప్పడంతోనూ సంబంధం లేదు. ఎవరో ఒక గడి నింపకుండా వదిలేసినందుకు వచ్చిన శిక్ష అది.

నేను కోరిన అయిదింటిలో మొదటిదానికి పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు. రెండు శాఖల అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చుని, ఉన్న నిబంధనలు ఎదురెదురుగా పెట్టుకుంటే తేలిపోయే పని. వచ్చే ఏడాది డిగ్రీ ప్రవేశాల ప్రకటన కన్నా ముందే ఆ పట్టిక రెండు సంతకాలతో వెలువడేలా చూడండి. ఈలోగా డిగ్రీలో చేరబోతున్న పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మైనర్ ఎంచుకునే ముందు గత డీఎస్సీ జీవోలో అర్హతల పేజీ ఒకసారి చదవండి. అర్థం కాకపోతే మీ ఊరి హైస్కూలుకి రండి, మాకు తెలిసినంత చెబుతాం.

ఇట్లు,
ఒక ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు